చిన్నాయన ఎడమచెయ్యి

మొన్న ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో చిన్నాయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ఆయన్ని సాత్వికుడన్నారు. ఒకాయన ఇంకో మెట్టెక్కి, "ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషి" అన్నాడు. నేను వెనక నుంచి మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని పళ్లు నూరుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు, సరే. అబద్ధం చెప్పాలని ఎవరన్నారు?

అన్నిటికన్నా పెద్ద అబద్ధం వేదిక మీదే నిలబడి ఉంది. ఆరడుగుల ఫ్లెక్సీ. మబ్బుల మధ్య, గులాబీల మధ్య, తెల్లచొక్కాలో చిన్నాయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతున్నాడు. తల ఆయనదే. చేతులు ఎవరివో. ఫ్లెక్సీ కొట్టినవాడికి ఆయన నమస్కారం పెట్టిన ఫోటో దొరక్కపోతే, ఎవరివో రెండు చేతులు తెచ్చి కంప్యూటర్లో అతికించాడు. ఆ చేతులకు మూడు ఉంగరాలు కూడా ఉన్నాయి. ఏ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలోంచి కత్తిరించాడో ఏమో.

అలాంటి ఫోటో దొరకదు. ఎందుకంటే నాకు తెలిసిన ముప్ఫై ఏళ్లలో చిన్నాయన ఒక్కసారి కూడా రెండు చేతులు కలపలేదు. ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ వీపు వెనకే ఉండేది.

చిన్నాయన అని పిలుస్తానే గానీ నాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా నాయన స్నేహితుడు. నంద్యాల బస్టాండుకు రెండు వీధుల అవతల మా నాయనకు రేడియో రిపేరు అంగడి ఉండేది. ఇప్పుడది నాది. రేడియోలు పోయాయి. నేను గిటార్లకు పెట్టే ఆంప్లిఫయర్లు బాగు చేస్తాను, అడిగినవాళ్లకు కొత్తవి కడతాను. అదీ వాల్వులతో. వాల్వులంటే మరేమీ కాదు, పాతకాలం రేడియో వెనక ఎర్రగా వెలుగుతుండే గాజుబుడ్లు. లోకమంతా అరచేతిలో పట్టే డిజిటల్ డబ్బాలకు మారిపోయాక కూడా ముప్ఫై కిలోల వాల్వు పెట్టే కావాలని మంకుపట్టు పట్టేవాళ్లు మా వైపు కొందరున్నారు. వాళ్ల దయవల్లే నా పొయ్యి వెలుగుతోంది. ఆ మంకువాళ్లందరికీ పెద్దదిక్కు చిన్నాయన.

ఆయన కరెంటు లైన్‌మేన్. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఆయన ఎక్కని స్తంభం లేదు. ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవాడు. ఎడమచెయ్యి వెనక్కి పోవడం ఆ స్తంభాల మీద వచ్చిన అలవాటు. నా ఇరవయ్యో ఏట మొదటిసారి ఒక వాల్వు పెట్టె మూత విప్పి, రెండు చేతులూ లోపల పెట్టి వెతుకుతున్నాను. ఎప్పుడొచ్చాడో ఏమో, నా ఎడమ మణికట్టు మీద చెళ్లున కొట్టాడు.

"ఏందీ, రెండు చేతులూ పెడ్తాండావ్? లోపల నాలుగొందల వోల్టులు ఉండాది. ఒక చెయ్యి తగిల్తే ఇదిలిచ్చి కొడ్తాది. రెండు చేతులూ తగిల్తే గుండెకాయ మీదనే పోతాది. ఆ చెయ్యి ఎనక్కి పెట్టు."

నాకు ఒళ్లు మండింది. మా నాయన కూడా నన్ను కొట్టింది లేదు. నా మొహం చూసి, కాస్త మెత్తబడి ఇంకో మాట అన్నాడు. "నాతోపాటు పనిచేసేటోడు ఒకడు రెండు చేతులూ పెట్టినాడు పాపా. వాన్ని స్తంభం మింద నుంచి నేనే దించినా." అంతే. ఆ మనిషి గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి నా ఎడమచెయ్యి కూడా పనిలో వెనక్కే పోతుంది.

నాది పని వరకే. ఆయనది అలా కాదు. అన్నం తినేటప్పుడు, టీ తాగేటప్పుడు, పెళ్లి ఫోటోల్లో, అందరిలో నిలబడి మాట్లాడేటప్పుడు, చివరికి ప్రార్థనలో కూడా ఆ చెయ్యి వెనకే. అది బయటికొచ్చేది గిటారు మెడ పట్టుకోవడానికి ఒక్కదానికే. ఒకసారి పాస్టరుగారు నవ్వుతూ, "అన్నా, దేవుని ముందరైనా రెండు చేతులు జోడించకూడదా?" అన్నారు. చిన్నాయన నవ్వలేదు. "ఆయన కరెంటు కన్నా పెద్దోడు గదా పాస్టరుగారూ. ఇంకా బయ్యంగా ఉండల్ల" అన్నాడు. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషట!

పాణ్యం నుంచి రుద్రవరం దాకా ఎవరు ఆంప్లిఫయర్ కొనాలన్నా ముందు చిన్నాయన చెవిన పడాలి. రెండు పెట్టెల్లో ఏది మేలో తేల్చడానికి ఆయన పద్ధతి ఆయనకుంది. మా అంగట్లో ఒకే కొలత బేతంచెర్ల బండలు రెండు తెచ్చి వేయించాడు. పెట్టెలు రెండూ వాటి మీదే కూర్చోవాలి. బల్ల మీద పెడితే బల్ల కూడా పాడుతుందని ఆయన ఫిర్యాదు. స్పీకరు ఒకటే, గిటారు ఒకటే. వాల్వులు ఒక టీ తాగినంత సేపు వేడెక్కాలి. ఆ తర్వాత ఆయన గోడవైపు తిరిగి కూర్చుని, ఒకే కీర్తనలో ఒకే చరణం వాయిస్తాడు. వైరు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చడం నా పని. ఏది ఏదో నేను చెప్పకూడదు. నా మొహం కూడా ఆయన చూడడు. చరణానికీ చరణానికీ మధ్య ఒక్క ఊపిరి కన్నా ఎక్కువ ఆలస్యమైతే, "మల్ల మొదట్నుంచి" అనేవాడు.

"చెవికి గ్యాపకం తక్కువ పాపా. అన్నం తినొచ్చే లోపల మర్చిపోతాది" అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన మర్చిపోయిన రోజు ఒకటుంది, దాని గురించే చెప్పబోతున్నాను.

పెద్ద పెట్టెలకు మూడేసి ఛానళ్లుంటాయి. ఒకే పెట్టెలో మూడు గొంతులన్నమాట. మొదటిది తేటగా పలుకుతుంది, రెండోది గరగరలాడుతుంది, మూడోది సాగదీసి ఏడుస్తుంది. చిన్నాయన వాటికి పెట్టిన పేర్లు పలకరింపు, జగడం, శోకం. "దీని పలకరింపు బాగుండాది గానీ జగడం రాదు దీనికి, ఊరికే మొరుగుతాది" అని ఒక పెట్టెను పక్కన పెట్టేశాడు. బాగుంది అనే మాట ఆయన నోట రావడం గగనం. ఎంత గొప్ప పెట్టె అయినా ఆయనిచ్చే పెద్ద బిరుదు ఒక్కటే: "ఇనపడ్తాంది." అదొక్క మాట అంటే ఇక ఆ పెట్టె గట్టెక్కినట్టే.

పాణ్యం బ్యాంకు ఉద్యోగి ఒకాయన, "ఇంట్లో వాయించుకునేదానికి వంద వాట్ల పెట్టె ఎందుకన్నా, చెవులు పగలడానికా?" అని అడిగాడు. చిన్నాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "బండల లారీ చూసినావా? దాని బలం ఉరికేదానికి కాదప్పా. బరువేసుకొని ఎత్తెక్కేటప్పుడు మూలగకుండా ఉండేదానికి." ఆ ఉద్యోగి వంద వాట్లదే కొన్నాడు. ఇప్పటికీ సౌండు రెండో నంబరు దాటించడు.

చర్చిలో సౌండు తగ్గించమని ఎవరైనా సైగ చేస్తే చిన్నాయన తగ్గించేవాడు కాదు. స్విచ్చి కట్టేసి గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. "తగ్గించేది ల్యా. వద్దంటే ఆపుతా" అనేవాడు. పాట సగంలో బోసిపోయేది. మరో నిమిషానికి అదే మనిషి వాయించమని సైగ చేసేవాడు. సాత్వికుడట, సాత్వికుడు.

ఆరేళ్ల కిందటి సంగతి. మార్చిలో జరిగే మైదానం కూటాల కోసం ఆళ్లగడ్డ చర్చికి పెద్ద ఆంప్లిఫయర్ ఒకటి కావాల్సి వచ్చింది. అప్పటికి నేను మూడు ఛానళ్ల వంద వాట్ల పెట్టె ఒకటి కట్టి ఉన్నాను. మా నాయన పోయాక, ఎవరి సాయమూ లేకుండా కట్టిన మొదటి పెద్ద పెట్టె. పదకొండు నెలలు పట్టింది. ట్రాన్స్‌ఫార్మరు రాగితీగ మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పాను. మా అంగట్లో వాయించి చూసుకుంటే కమ్మగా పలికింది. దాన్ని చర్చికి ఇస్తానన్నాను. అది ఆ వేదిక మీద కూర్చుంటే ఇక నన్ను రిపేరు పాప అని ఎవరూ అనలేరు. నాకు కావాల్సింది అంతే. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ పేరు నాకు ముల్లులా గుచ్చుకునేది.

అదే సమయంలో, బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న సంఘపెద్ద ఒకాయన, బెంగుళూరు నుంచి ఒక ఫారిన్ పెట్టె తెప్పించి కానుకగా ఇస్తానన్నాడు. అదీ మూడు ఛానళ్లదే, వంద వాట్లదే. ఆయన్ని ఆసామి అందాం. రెండు పెట్టెలు వచ్చేసరికి పెద్దలకు ఇరకాటమైంది. "ఒకటేమో ఫారిన్‌ది, ఒకటేమో మన రిపేరు పాప బిగించింది" అని ఒకాయన అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. చిన్నాయన ఒక్కడే నవ్వలేదు. "ఇని చెప్తా" అన్నాడు. ఆయన ఏది చెబితే అది అని ఒప్పుకున్నారు.

శనివారం పొద్దున పది గంటలకు చర్చి హాల్లో చేరాం. ఊరి చివర చర్చి. దాని చుట్టూ పొలాలు. చిన్నాయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. బండలు ఒకటి కాదు, రెండూ నంద్యాల నుంచి మోయించాను. ముందు ఫారిన్ పెట్టె పెట్టాను. ఆయన పలకరింపు వాయించాడు, జగడం వాయించాడు, శోకం వాయించాడు. నిజం చెప్పాలంటే నేను కూడా వైరు సంగతి మర్చిపోయి విన్నాను. అంత మెత్తగా, అంత తియ్యగా ఉంది. పెద్దల్లో ఒకాయన పాటల పుస్తకంతో విసురుకుంటూ, "ఏం ఉక్కప్పా, ఫ్యాను తిరగతాందా లేదా?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

వైరు తీసి నా పెట్టెలో పెట్టబోతుంటే బయట వ్యాను ఆగింది. ఆసామి బిర్యానీ తెప్పించాడు. పదకొండున్నరకే!

"సల్లారిపోతాది, బేగా రండి. ఇనేది యాడికి పోతాది?" అన్నాడు ఆసామి. అందరూ లేచారు.

"చిన్నాయనా, రెండోది కూడా అయిపోనీ" అన్నాను.

ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పి, పెట్టెల వైపు చూడకుండా హాలు చూశాడు. సగం ఖాళీ. "ఎవురూ ఉండేట్టు లేరు పాపా. వాళ్లు లేకుండా ఇంటే మల్ల మాటొస్తాది. తినేసి ఇందాం" అన్నాడు. ఆయన ఇంకొకరి తొందరకు తలొగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బిర్యానీలు, సోడాలు, మాటలు అన్నీ అయ్యేసరికి రెండు దాటింది. హాల్లోకి వచ్చేసరికి గాలి జోరుగా ఉంది. పాటల పుస్తకాల పేజీలు రెపరెపలాడుతుంటే వాటి మీద సెల్‌ఫోన్లు పెట్టుకున్నారు. పొద్దున విసురుకున్నాయన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. నా పెట్టె వేడెక్కింది. చిన్నాయన గోడవైపు తిరిగి అదే చరణం మొదలుపెట్టాడు. మొదటి వరసకే వైరు సరిగా దిగిందో లేదో తడిమి చూశాను. అది నా పెట్టె గొంతు కాదు. అంగట్లో కమ్మగా పలికింది ఇక్కడ బిగదీసుకుని, అంచులు పదును పెట్టినట్టు పలుకుతోంది. భయం వల్ల నా చెవులకే అలా వినిపిస్తోందేమో అనుకున్నాను.

చిన్నాయన గిటారు దించాడు. ఎడమచెయ్యి వెనక్కి పోయింది. "మొదటిది" అన్నాడు గోడతో. "రెండోది కొరకతాంది."

ఆ తర్వాత తిరిగాడు. నా మొహం చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, రెండోది ఎవరిదో. ఒక్క క్షణం నోరు తెరిచాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. వింటే విన్నట్టు చెప్పాలి, అది ఆయన నియమం. పెద్దలు మాత్రం నన్ను వదల్లేదు. "పాప కష్టపడింది, చేతిపని బాగుండాది" అని ఒకాయన తల ఊపాడు. తిట్టినా బాగుండేది. నా పెట్టె, నా బండలు ఆటోలో వేసుకుని నంద్యాల వచ్చేశాను. పన్నెండు రోజులు ఆయన చేసిన ఫోన్లు నేను ఎత్తలేదు.

పదమూడో రోజు పొద్దున షట్టరు ఎత్తేసరికి చిన్నాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొదటి బస్సుకు వచ్చినట్టున్నాడు. కుడిచేతిలో వోల్టులు కొలిచే మీటరు ఉంది.

"పాపా, నేను తప్పు చెప్పినా" అన్నాడు.

నేను చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాను. ఆయన నా వెనకే తిరుగుతూ చెప్పాడు. బుధవారం సాయంత్రం ప్రార్థనలో ఆ ఫారిన్ పెట్టె వాయిస్తే అది కూడా కొరికిందట. అదేంటని గురువారం పొద్దున పది గంటలకు పోయి వాయిస్తే మళ్లీ తియ్యగా ఉందట. అప్పుడు తలెత్తి ఫ్యాను చూశాడట, ఈడ్చుకుంటూ తిరుగుతోందట.

"పొద్దున పొలాల మోటార్లన్నీ ఆడ్తాంటాయి. అదే లైను మింద చర్చి. కొలిచినా. నూటా ఎనభై అయిదు. మోటార్లు ఆగినాక రెండొందల నలభై. కరెంటు తక్కువుంటే ఏ వాల్వు పెట్టె అయినా మెత్తగా పాడ్తాది, ఎక్కువుంటే కొరుకుతాది. నీకు తెలుసు, నాకు తెలుసు. ముప్ఫై మూడేండ్లు లైన్‌మేన్‌గా చేసినా. నెత్తిన ఫ్యాను తిరుగుతాంటే చూడలేదు నేను. ఆ పొద్దు నేను ఇన్నది పెట్టెల్ని కాదు పాపా. కరెంటును ఇన్నా."

చీపురు పక్కన పారేశాను. కోపం ముంచుకొచ్చింది. నా మీద కూడా కోపమే. ఆ ఫ్యాను నేనూ చూడలేదు కదా. కానీ ఆ కోపమంతా ఆయన మీదే కుమ్మరించాను.

"నాకాడ చెప్తే ఏమొస్తాది చిన్నాయనా? అందరి ముందర చెప్పినావు గదా, కొరకతాందని. ఈ మాటా అందరి ముందర చెప్పు. ఆడ చెప్పు, ఆసామి ముందర. చెప్పలేకపోతే ఈ అంగడి మెట్లెక్కొద్దు."

తండ్రి లాంటి మనిషిని అలా అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు. అని ఉండకపోతే బాధపడేదాన్ని. ఆయన మీటరు జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం పెట్టె తీసుకొని రా. బండలు కూడా" అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం నేను పోయేసరికే సంగతి గుప్పుమంది. చర్చి మెట్ల మీద పెద్దలు చిన్నాయన్ని చుట్టుముట్టి ఉన్నారు. మొన్న కూడికలో ఎవరికీ ఎదురు చెప్పలేదని మాట్లాడిన మనిషి కూడా వాళ్లలో ఉన్నాడు.

"పోనీలే అన్నా, అయిపోయింది. ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుసు గదప్పా."

"కానుక ఇచ్చినోళ్లు నొచ్చుకుంటారు."

"నొచ్చుకోనీ. నా మాటకు నంద్యాలలో ఒక మనిషి పన్నెండు దినాలు నొచ్చుకోల్యా?"

అప్పుడే కారు దిగిన ఆసామి దగ్గరికి వచ్చాడు. మొహం ముటముటలాడిస్తూ, "ఇచ్చేసిన దానికి మల్ల పరీచ్చ ఏందన్నా?" అన్నాడు.

"నీ పెట్టెకు కాదప్పా పరీచ్చ" అన్నాడు చిన్నాయన. "నా చెవికి."

పాస్టరుగారు మంచి మనిషి. ప్రకటనల సమయంలో అయిదు నిమిషాలు ఇచ్చారు. అది అరగంట అయింది. చిన్నాయన రెండు పెట్టెలూ ఒకే బోర్డుకు కలిపించాడు. మీటరును మైకు స్టాండుకు దారంతో కట్టాడు. ముందు వరసవాళ్లకు అంకెలు కనపడేట్టు తిప్పి పెట్టాడు. తర్వాత మైకు ముందుకొచ్చి, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండొందల మంది ముందు చెప్పాడు: "నేను లైన్‌మేన్‌ని. వోల్టేజీ చూడకుండా తీర్పు చెప్పినా. బిర్యానీకి లేచినా, చెవికి గ్యాపకం తక్కువని తెలిసి కూడా లేచినా. నంద్యాల పాప పెట్టె కొరకతాందని చెప్పినా. కొరికింది పెట్టె కాదు. ఆ మాట తీసేస్తాండా."

అంతే చెప్పి, గోడవైపు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను వైరు మారుస్తుంటే ఆరుసార్లు అదే చరణం వాయించాడు. వాయించడం అయిపోయాక నేను గుడ్డిగా ఆశపడ్డాను, నా పెట్టే గెలిచిందని అంటాడని. అలా అంటే ఆయన చిన్నాయన ఎందుకవుతాడు?

"జగడం మొదటి దాంట్లో మేలు" అన్నాడు గోడతోనే. అది ఆసామిది. "పలకరింపు, శోకం రెండో దాంట్లో మేలు." గిటారు పక్కన పెట్టాడు. "రెండోది ఇనపడ్తాంది."

నా పెట్టె. ఆ మాట. నేను వైరు చేత్తో పట్టుకుని అక్కడే, అందరి ముందే ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

కథ అయితే ఇక్కడ ఆపేయాలి. జీవితం కాబట్టి ఆగలేదు. ఆసామి లేచి బయటికి నడిచాడు. సాయంత్రానికి పెద్దలు తేల్చేశారు. కానుక వచ్చింది కాబట్టి ఫారిన్ పెట్టే ఉంటుంది, చిన్నాయన దాని మీద వాయిస్తే వాయించొచ్చు. ఒక్క షరతు, ఆసామికి క్షమాపణ చెప్పాలి. చిన్నాయన ఆ పెట్టె మీద వాయించడానికి ఒప్పుకున్నాడు. "దాని జగడం బాగుండాది గదా" అన్నాడు. క్షమాపణకు మాత్రం ఒప్పుకోలేదు. తప్పు చేసినందుకు క్షమాపణ అడిగేశాను, తప్పు దిద్దుకున్నందుకు అడగను అన్నాడు. దాంతో ఇరవై రెండేళ్లుగా ఆయన కూర్చున్న మూల కుర్చీ ఖాళీ అయింది.

బస్టాండులో నా పెట్టె బస్సెక్కించడానికి వచ్చాడు. నా పంతం వల్లే కదా ఇదంతా. "పెద్ద తప్పు చేయించినా చిన్నాయనా నీతో. నీ కుర్చీ పాయ" అన్నాను.

"కుర్చీ పోతే ఏందిలే" అన్నాడు. "నా చెవి నాకాడనే ఉండాది గదా." బస్సు మీదికి చూసి, "ఆ పెట్టె దించు. నంద్యాలకు ఎందుకు తీస్కపోతాండావ్? నాకియ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఆ తర్వాత ఆరేళ్లు నా పెట్టె రుద్రవరం వైపు పల్లెల్లో తిరిగింది. ఇరవై మంది కూర్చునే రేకుల ప్రార్థన మందిరాల్లో వంద వాట్ల మూడు ఛానళ్ల పెట్టె! ఒకసారి నేనూ పోయాను. బియ్యం బస్తాల పక్కన బండ మీద దాన్ని పెట్టి, మీటరు కిటికీ చువ్వకు తగిలించి, చిన్నాయన వాయిస్తున్నాడు. నంబరు ఒకటి కూడా దాటలేదు. ఒక ముసలామె స్పీకరుకు జానెడు దూరంలో కునికిపాట్లు పడుతోంది. అంత నెమ్మదిగా, అంత నిండుగా ఉంది. ఎవరూ తగ్గించమనలేదు కాబట్టి ఆయనే తగ్గించుకున్నాడు. నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు, నీ పెట్టె చూడు అన్నట్టు. ఆ పల్లెల్లో నన్నెవరూ రిపేరు పాప అనరు. పెట్టె చేసిన పాప అంటారు.

మళ్లీ మొన్నటి కూడికకు వస్తాను. ఆరో మనిషి మాట్లాడటం అయిపోయింది. ఆ ఆరో మనిషి ఆసామే. "మా మధ్య ఎన్నడూ ఒక మాట రాలేదు" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కళ్లనీళ్లు దొంగవని నేననను. పోయిన మనిషితో రాజీపడటం సులువు కదా. ఆ వంద వాట్ల ఫారిన్ పెట్టె వేదిక మూలన గుడ్డ కప్పుకుని ఉంది. ఈ రోజుల్లో దాన్ని ఎవరూ వాయించడం లేదట, డిజిటల్ డబ్బా వచ్చిందట. పాస్టరుగారు ముగింపు ప్రార్థనకు లేచారు. ఈయన కొత్తాయన, ఈయనకు ఏ సంగతీ తెలియదు. అంతే, అయిపోతోంది. ఆ ఆదివారం గురించి, ఆ మీటరు గురించి ఒక్కరూ ఎత్తలేదు. రేపటి నుంచి చిన్నాయన అంటే ఆ ఫ్లెక్సీలో మనిషే, ఉంగరాల చేతులతో అందరికీ దండం పెట్టే మనిషే.

ముందు వరసలోంచి చిన్నమ్మ లేచింది. చిన్నాయన భార్య. మోకాళ్ల నొప్పులతో లేవడానికే రెండు నిమిషాలు పట్టింది ఆమెకు. వెనక్కి తిరిగి హాలంతా కలియజూసి, చూపుతో నన్ను పట్టుకుంది.

"ఆగండి పాస్టరుగారూ" అంది. "నంద్యాల పాప మాట్లాడలేదు. పెట్టె చేసిన పాప."

"టైము లేదమ్మా..." అన్నాడు ఎవరో పెద్ద.

"ఆయన పోయినంక గూడా టైము మీదేనా?" అంది చిన్నమ్మ.

నడిచాను. వేదిక మెట్టు ఎక్కుతుంటే ఆసామి తల దించుకోవడం కనపడింది. మైకు ముందు నిలబడ్డాను. నా వెనక ఆరడుగుల చిన్నాయన, ముందర రెండొందల మంది. ఏం మాట్లాడాలో ఏమీ అనుకుని రాలేదు. నాకు తెలియకుండానే నా ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయింది.

"ఈ ఫోటోలో చేతులు చిన్నాయనవి కావు" అన్నాను. "ఆయన ఎవురికీ ఇట్ల దండం పెట్టలే. ఈడనే, ఇదే మైకు కాడ నిలబడి ఒక మాట చెప్పినాడు. అది మీరందరూ మర్చిపోయినట్టుండారు. నేను చెప్తా."

నా గొంతు నాకే అందడం లేదు. మైకు పనిచేస్తోందో లేదో తెలియక దాన్ని వేలితో తట్టి, "ఇనపడ్తాందా?" అని అడిగాను.

పెద్దలెవరూ పలకలేదు. ముందు వరసలో ఇంకా నిలబడే ఉన్న చిన్నమ్మ పలికింది.

"ఇనపడ్తాంది పాపా. చెప్పు."